ఐదుకి ఒక మార్కు

మామగారి జేబులు ఖాళీ చేయించేసరికి కోడలికి తలప్రాణం తోకకొచ్చింది.

"తాళాలెందుకు తియ్యాలమ్మాయ్? అవేమన్నా మాట్లాడతాయా?"

"మాట్లాడవు మామయ్యా, గలగలమంటాయి. ఇది మీ గొంతు, ఇది తాళాల గోల అని మైకుకి తేడా తెలీదు."

తాళాలు తీశాడు. చిల్లర తీశాడు. చేతిగడియారం తీశాడు. చొక్కా జేబులోని ఇన్‌హేలర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం దాని మీద అరచెయ్యి కప్పుకుని నిలబడిపోయాడు.

"ఇది కూడానా?"

"కదిలితే లోపల డబ్బా టకటకమంటుంది. కాసేపటి పనే కదా. ఇక్కడే, తలుపు పక్కన ట్రేలో పెడతాను. ఎక్కడికీ పోదు."

అదీ నిజమే. ఎక్కడికీ పోలేదు. ఆ తర్వాత లోపల ఇద్దరూ నానా అవస్థా పడుతున్నంతసేపూ అది ఆ ట్రేలో, ఇద్దరి ఫోన్ల మధ్య, బుద్ధిమంతురాలిలా కూర్చునే ఉంది.

కోడలు పనిచేసేది అంబులెన్సుల ఆఫీసులో. ఆపదలో ఉన్నవాళ్ళు ఫోన్ చేస్తే పై అంతస్తు హాల్లో ఆపరేటర్లు ఎత్తుతారు, బండి పంపుతారు. అయితే ఆపదలో ఉన్నవాళ్ళు ప్రశాంతంగా ఓ మూల కూర్చుని, గొంతు సవరించుకుని ఫోన్ చెయ్యరు కదా. హారన్ల మధ్య నిలబడి చేస్తారు. యంత్రాల రొదలో, గాలివానలో, గుక్కపట్టి ఏడ్చే పిల్లల పక్కన నిలబడి చేస్తారు. ఆ గోలంతా తీసేసి మాటని మాత్రం ఆపరేటరు చెవిలో వేసే ప్రోగ్రామ్ ఒకటుంది. రాసింది ఈమే. ఆఫీసులో దాన్ని అందరూ జల్లెడ అంటారు. ఈమెని నిశ్శబ్దం మేడమ్ అంటారు, ఎదురుగా కాదు లెండి.

జల్లెడ వచ్చాక మాట స్పష్టంగా వినబడటమే కాదు, మూగ కాల్స్ బెడద కూడా తీరింది. ఫోన్ చేసి ఏమీ మాట్లాడనివాళ్ళవి మూగ కాల్స్. పాత పద్ధతిలో ఆపరేటరు వాటిని పెట్టెయ్యడానికి వీల్లేదు. అవతల ఊపిరి వినబడుతున్నంతసేపూ పట్టుకుని కూర్చోవాలి, "మాట్లాడలేకపోతే ఒకసారి తట్టండి" అని బతిమాలుతూ ఉండాలి. ఇప్పుడా తంటా లేదు. జల్లెడ పట్టాక మాటనేది మిగలకపోతే లైను దానంతటదే మూసుకుపోతుంది. కిందటేడు వార్షిక సమావేశంలో డైరెక్టరు ఆమెని వేదిక మీదికి పిలిచి, అందరిచేతా చప్పట్లు కొట్టించి, ఒక గాజు జ్ఞాపిక చేతికిచ్చాడు. అది ఇంట్లో టీవీ పక్కన ఉంది. దాని దుమ్ము తుడిచేది మామగారే.

మామగారంటే ఒకప్పుడు అల్లాటప్పా మనిషి కాదు. బస్టాండులో అనౌన్సరు. ఊరంతా ఆయన్ని మైకు మాస్టారు అనేది. మైకు చెడిపోయిన రోజున కూడా ప్రయాణికులకి ఆ సంగతి తెలియలేదని ఆయన తోటివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతటి గొంతుకి జబ్బు చేసింది. వైద్యం చేశారు. మనిషి దక్కాడు, గొంతు దక్కలేదు. మిగిలింది గాలితో కలిసిన గుసగుస, దానికి తోడు ఆయాసం. అప్పటినుంచీ ఆయన ఇంట్లో అలిగిన చుట్టంలా ఉంటున్నాడు. కొడుకుతో సైగలు. కోడలితో అవీ అంతంతమాత్రమే.

ఒకరోజు సాయంత్రం కోడలు సరదాకి ఆయన చేత పక్కగదిలోంచి ఫోన్ చేయించి, జల్లెడ గుండా వింది. ఏమీ వినబడలేదు. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. గుమ్మంలోంచి పెదవులు కదలడం కనబడుతోంది. చెవిలో మాత్రం చీకటి. జల్లెడ ఆయన గొంతుని మొత్తంగా చెత్త కిందే జమకట్టి ఊడ్చేసింది. ఆమె మొహం చూసి ఆయనకి అర్థమైపోయింది.

"మీ మిషన్ కూడా నన్ను మనిషి కింద లెక్కెయ్యదన్నమాట," అని లేచి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాడు.

ఆమెకి మనసు చివుక్కుమంది. అదొక చిన్న లోపం అనుకుంది, గట్టి గొంతులే నేర్పాం కాబట్టి దానికి గట్టి గొంతులే తెలుసు, ఇలాంటి పీల గొంతులు కొన్ని రికార్డు చేసి నేర్పిస్తే అదే దారికొస్తుంది అనుకుంది. ముందు ఈయన గొంతుతోనే మొదలుపెడదామని వారం రోజులు వెంటపడింది. గడ్డం పట్టుకోవడం ఒక్కటే తక్కువ. చివరికి ఈ మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరాడు.

రికార్డింగు గది నేలమాళిగలో ఉంది. గోడలకి మందమైన స్పాంజి, స్పాంజి వెనక ఇనుప వల, ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు. కిటికీ లేదు. గాలి వచ్చే గొట్టం ఉంది గానీ దాని ఫ్యాను మూలుగుతుందని, లోపలికి వెళ్ళేముందు ఆమె బయటి స్విచ్చి ఆపేస్తుంది. ఈరోజూ ఆపేసింది. మైకు వెయ్యగానే బయట ఎర్రదీపం వెలుగుతుంది. అది వెలుగుతుండగా తలుపు తెరిచినవాళ్ళకి ఆ రోజు మూడినట్టే. నేల తుడిచే ఆవిడ ఒకసారి తెలియక తెరిచి, తిట్లు తిని, మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. తర్వాత ఆవిడే కాదు, ఇంకెవరూ ఆ ఛాయలకి రాలేదు.

మరొకటి కూడా చెప్పాలి. లోపలి తలుపు పిడి వదులైంది. ఎవరు కదిలినా కిటకిటమనేది. మెకానిక్‌ని పిలిస్తే సుత్తులతో రోజంతా పాడుచేస్తాడని, ఆమే మర ఊడదీసి, సందులో స్పాంజి ముక్క కుక్కి, చుట్టూ టేపు వేసింది. చప్పుడు ఆగిపోయింది. ఎంత తెలివైన పని చేశానా అని ఆ పూటంతా మురిసిపోయింది కూడా.

మామగారు మైకు ముందు కూర్చున్నాడు. అలవాటైన చెయ్యి దానంతటదే వెళ్ళి మైకు మెడ సరిచేసింది.

"ఏం చెప్పను?"

"మీ ఇష్టం మామయ్యా. ఏదైనా."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "ప్రయాణికులకు మనవి. మూడో నంబరు ప్లాట్‌ఫారం మీదున్న బస్సు మరికాసేపట్లో బయలుదేరుతుంది. దయచేసి తోసుకోకుండా ఎక్కండి. పిల్లల చెయ్యి వదలకండి." అంతా గాలి. మాటల అంచులు మాత్రం అక్కడక్కడా తెలుస్తున్నాయి. కానీ ఎక్కడ ఆగాలో అక్కడే ఆగాడు, ఎక్కడ సాగదీయాలో అక్కడే సాగదీశాడు. ఈయన ఇంట్లో ఇన్నాళ్ళూ అలగలేదని, సిగ్గుపడుతున్నాడని ఆమెకి అప్పుడు తెలిసింది.

ఆయన చాలాసేపు చెప్పాడు. ఊపు వచ్చింది. ఎక్కడెక్కడి బస్సులనో పిలిచాడు. తర్వాత దగ్గు అందుకుంది.

"ఇక చాలమ్మాయ్. ఉక్కగా ఉంది."

"అయిపోయింది మామయ్యా, పదండి." ఆమె మైకు ఆపి, లేచి పిడి తిప్పింది. పిడి తిరిగింది. ఇంకా తిరిగింది. టేపుతో సహా ఊడి చేతిలోకి వచ్చేసింది.

ఇద్దరూ దాని వంక చూశారు.

మొదట నవ్వొచ్చింది. కన్నంలో వేలు పెట్టి చూసింది. పెన్ను పెట్టి చూసింది. పెన్ను విరిగింది. అరచేత్తో తలుపు బాదింది. స్పాంజి ఆ దెబ్బని తాపీగా మింగేసింది. గొంతు చించుకుని అరిచింది. ఆ గదిలో అరుపుకి ప్రతిధ్వని కూడా ఉండదు, నోట్లోంచి బయటికి రాగానే చచ్చిపోతుంది. ఆ గదిని అలా కట్టించింది తనే. గోడల కొలతలు కూడా తనే ఇచ్చింది.

వెనక్కి తిరిగేసరికి మామగారు బల్ల అంచు పట్టుకుని ముందుకి వంగి ఉన్నాడు. చెయ్యి చొక్కా జేబు మీద ఉంది. జేబు ఖాళీ.

"ఆయాసం వస్తోందా?"

"రాకపోతే వింత," అన్నాడు. అలా అంటుంటే ఊపిరి ఈల వేసింది.

ఆ ఈల ఎంతదాకా పోతుందో ఇంట్లో అందరికీ తెలుసు. మందు పీల్చడం ఆలస్యమైతే పెదవులు నల్లబడతాయి. పోయినసారి ఇల్లంతా ఉరుకులు పరుగులైంది. మందేమో రెండు తలుపుల అవతల ఉంది. కొడుకు ఆఫీసు వదిలాక గానీ వీళ్ళని తీసుకెళ్ళడానికి రాడు. అంతదాకా ఈయన ఆగేలా లేడు.

"భయపడకండి మామయ్యా. లైనుంది. పైకి చెబుతాను."

బల్ల మీద చిన్న పెట్టె ఉంది. దానికి మూడు మీటలు. మొదటిది మైకుది. రెండోది నొక్కితే పై హాల్లోని తొమ్మిదో లైను కలుస్తుంది, పచ్చదీపం వెలుగుతుంది. మూడోది బూడిదరంగు మీట. అది నొక్కితే జల్లెడ పక్కకి తప్పుకుని, శబ్దం ఉన్నదున్నట్టుగా వెళుతుంది. దాన్ని ఎవరూ పొరపాటున నొక్కకుండా ఆమె ఎప్పుడో టేపు వేసేసింది.

తొమ్మిదో లైను పరీక్షల లైను. జల్లెడని ఎప్పటికప్పుడు పరీక్షించడానికి ఈమె ఆ లైన్లో రకరకాల కేకలు పంపుతుంది. ఇల్లు అంటుకుంది, బావిలో పడ్డాను, లిఫ్టులో ఇరుక్కున్నాను అని. నటులకి డబ్బివ్వడానికి ఆఫీసు ఒప్పుకోదు కాబట్టి కేకలన్నీ ఈమె గొంతే. బాగా ఏడుస్తుందని పేరు కూడా వచ్చింది. పైన ఆపరేటరు ఆ కేక విని, ఎంత శుభ్రంగా వినబడిందో ఐదుకి ఇన్ని అని మార్కులేస్తుంది. అంతే, ఇంకేమీ చెయ్యకూడదు. ఎందుకంటే మొదట్లో పెద్దక్క ఒక పరీక్ష కేకకి నిజం అంబులెన్సు పంపేసింది. అది పోయి పోయి ఖాళీ స్థలంలో తిరుగుతుంటే, నిజం కాల్‌కి బండి లేకుండా పోయింది. నానా రభసా అయింది. అప్పుడు పెద్దక్క మీద ఒంటికాలి మీద లేచింది ఈమే. "తొమ్మిదో లైన్లో ఎవరు చచ్చిపోతున్నా సరే, మార్కులెయ్యండి, పెట్టెయ్యండి" అని అందరిముందూ అంది. పెద్దక్క ఆ ఆఫీసులో అందరికన్నా పాత ఆపరేటరు, తల నెరిసిన మనిషి. ఆ మాట పడి ఊరుకుంది. మధ్యాహ్నప్పూట తొమ్మిదో లైను చూసేది ఆవిడే.

ఆమె ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని, మళ్ళీ మైకు వేసి, రెండో మీట నొక్కింది. పచ్చదీపం వెలిగింది.

"పెద్దక్కా, నేను. కింద రికార్డింగు గదిలో ఇరుక్కుపోయాం. పిడి ఊడిపోయింది. మా మామయ్యకి ఆయాసం వస్తోంది. ఎవర్నైనా పంపండి, తొందరగా."

ఇయర్‌ఫోన్‌లో టకటకమని కీబోర్డు చప్పుడు. తర్వాత పెద్దక్క గొంతు, చల్లగా:

"ఐదు. చాలా క్లియర్‌గా ఉంది మేడమ్."

దీపం ఆరిపోయింది.

కోడలు మళ్ళీ నొక్కింది. "పెద్దక్కా! పెట్టెయ్యకండి. ఇది టెస్టు కాదు!"

"ఐదు. ఒక్క మాట మేడమ్, 'ఇది టెస్టు కాదు' అనేది పోయిన వారం కూడా పెట్టారు. కొత్తది రాయండి."

దీపం ఆరిపోయింది.

ఆమెకి చెమటలు పట్టాయి. గాలి చిక్కబడినట్టు ఉంది. మామగారు గొంతు గుండీ విప్పుకున్నాడు. ఆమె ఆలోచించింది. పరీక్షల్లో ఉండనిది ఏదో చెప్పాలి. తనకీ పెద్దక్కకీ తప్ప ఇంకెవరికీ తెలియనిది.

"పెద్దక్కా, నిన్న క్యాంటీన్లో చెప్పారు చూడండి, మీ అల్లుడు ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నాడని, మీ అమ్మాయి రాత్రిళ్ళు ఏడుస్తోందని. ఆ సంగతి నాకు తప్ప ఎవరికి తెలుసు? నేనే అక్కా, నమ్మండి."

ఈసారి కీబోర్డు చప్పుడు రాలేదు. హమ్మయ్య అనుకుంది.

"మేడమ్," అంది పెద్దక్క. ఈసారి గొంతు చల్లగా కాదు, నొచ్చుకుని ఉంది. "మా ఇంటి సంగతులు టెస్టుల్లోకి ఎందుకండీ? ఇవి పదిమందీ వింటారు. ఏదో మనసాగక చెప్పుకున్నాను, నాది బుద్ధితక్కువ. నాలుగు వేస్తున్నాను. వెనకాల దగ్గు వినబడుతోంది."

దీపం ఆరిపోయింది. కోడలు మీట మీంచి చెయ్యి తీసింది. పెద్దక్క మంచి మనిషి. ఆ మంచి మనిషికి తన మాట నమ్మకూడదని నేర్పింది తనే, తిట్టి మరీ నేర్పింది.

ఇంకా బాగా చెప్పాలి, ఇంకా స్పష్టంగా చెప్పాలి, అప్పుడే నమ్ముతుంది. ఆమె బుర్రకి తోచింది అదొక్కటే. ఇన్నేళ్ళూ చేసింది ఆ పనే కదా. మైకుని దగ్గరికి లాక్కుంది, గొంతు సవరించుకుంది, మీట మీద వేలు పెట్టింది. పక్కన మామగారు విడవకుండా దగ్గుతున్నాడు.

"మామయ్యా, ఒక్క క్షణం దగ్గకండి. మార్కులు తగ్గిపోతున్నాయి."

ఆయన రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. మొహం కందిపోయింది. అయినా చప్పుడు రానివ్వలేదు, కోడలు అడిగింది కాబట్టి.

తను ఏమందో ఆమెకి అప్పుడు వినబడింది. మీట మీంచి వేలు తీసేసి, ఆయన చేతులు పట్టుకుని కిందికి లాగింది.

"దగ్గండి మామయ్యా. దగ్గండి. నా నోరు పడిపోను."

ఆమెకి ఏడుపు ఆగలేదు. ఆయన పక్కనే నేల మీద కూలబడింది. ఆయన దగ్గి దగ్గి, కాస్త తెరిపి దొరికాక, ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఆమె ఆ ఇంటికి వచ్చిన ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.

"బస్టాండులో నా మాట ఎవడు విన్నాడనుకున్నావు?" అన్నాడు, మాటకీ మాటకీ మధ్య గాలి వెతుక్కుంటూ. "బస్సొచ్చింది, ఎక్కండి అని... ముమ్మారు చెప్పేవాణ్ణి. ఒక్కడూ... లేచేవాడు కాదు. ఇంజను స్టార్టయిన చప్పుడు వినబడిందా... అందరూ ఒకటే పరుగు. నాకెంత... ఒళ్ళు మండేదో."

అది ఊరికే చెప్పిన కబురు. కోడలిని ఊరుకోబెట్టడానికి చెప్పాడు. చెప్పాక అలిసిపోయి మైకు దగ్గరగా తల వాల్చి కళ్ళు మూసుకున్నాడు. ఆయన మోచెయ్యి తగిలి లైను మీట నొక్కుకుంది. పచ్చదీపం వెలిగింది.

ఆమె చప్పున లేచింది గానీ, ఏం మాట్లాడాలో తోచక అలాగే నిలబడింది. ఆయన ఊపిరి సరిగ్గా మైకు మీద పడుతోంది. లోపలికి ఈల, బయటికి గురక. గదిలో అదే పెద్ద చప్పుడు. దీపం మిణుకుమంది. ఇంకోసారి మిణుకుమంది. ఆరిపోయింది.

పెద్దక్క పెట్టెయ్యలేదు. జల్లెడ పెట్టేసింది. ఒక మనిషి అంత దగ్గరగా, అంత కష్టంగా ఊపిరి పీలుస్తుంటే అది వెతికి చూసి, ఇక్కడ ఎవరూ లేరని తేల్చి, లైను మూసేసింది.

ఆమె ఆ ఆరిన దీపాన్ని చూసింది. మామగారి పెదవులు చూసింది. నలుపు మొదలైంది. బూడిదరంగు మీట మీది టేపుని గోటితో పీకింది. పాత టేపు, ఒక పట్టాన రాలేదు. గోరు విరిగింది. మీట నొక్కింది, ఒక ఇయర్‌ఫోన్ మామగారి చెవిలో పెట్టి, మళ్ళీ తొమ్మిదో లైను కలిపింది.

ఇయర్‌ఫోన్‌లోకి గది మొత్తం ఒక్కసారిగా వచ్చి పడింది. కరెంటు తీగల రొద, కుర్చీ కిర్రుమనడం, ఆమె గాజులు, ఆమె గుండె దడ కూడానేమో. వాటన్నిటి మీదా ఆ ఈల.

"మూడు... కాదు, ఆగండి," అంది పెద్దక్క. "ఏంటి మేడమ్ ఈ రొద? ఇవాళ జల్లెడ పనిచెయ్యట్లేదా?"

ఆమె నోరు తెరిచింది. మామగారు కళ్ళు తెరవకుండానే ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు. మాట్లాడవద్దని తల అడ్డంగా ఊపాడు. ఆమె నోరు మూసుకుంది. ఆయన మైకు మీదికి ఇంకాస్త వంగాడు.

ఈల. గురక. ఈల.

అటువైపు కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

తర్వాత పెద్దక్క మాట్లాడింది. ఆ గొంతు మార్కులేసే గొంతు కాదు. కోడలు ఆ గొంతు విని చాలాకాలమైంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఆపరేటర్ల వెనక నిలబడి పని నేర్చుకునేటప్పుడు విన్న గొంతు అది.

"నేను వింటున్నాను. ఫోన్ పెట్టెయ్యను. మాట్లాడలేకపోతే, ఒకసారి తట్టండి."

మామగారు చెయ్యి చాచాడు. ఆమె ఊడిపోయిన పిడిని ఆ చేతిలో పెట్టింది. ఆయన దాంతో బల్ల మీద ఒకసారి కొట్టాడు.

"సరే. మంచిది. ఊపిరి అందట్లేదా? అవునైతే ఒకసారి తట్టండి."

తట్టాడు.

"మందు దగ్గరుందా? లేకపోతే రెండుసార్లు."

రెండుసార్లు తట్టాడు. రెండో దెబ్బకి పిడి చేతిలోంచి జారిపోయింది.

"ఎక్కణ్ణుంచి చేస్తున్నారో చూస్తున్నాను. ఈ లైను..." పాత అలవాటు కొద్దీ అడుగుతూ పోతున్న పెద్దక్క ఆగిపోయింది. "ఈ లైను కింద గదిది. అమ్మో! పిల్లా! నిజంగానే..." కుర్చీ వెనక్కి పడిన చప్పుడు వినబడింది. తర్వాత హాల్లో పరుగులు.

తలుపులు తెరుచుకున్నాయి. మొదట గాలి వచ్చింది, తర్వాత పెద్దక్క, ఆవిడ వెనక ఆక్సిజన్ సిలిండరుతో అంబులెన్సు డ్రైవరు. కోడలు ఎవర్నీ చూడలేదు. ట్రేలోంచి ఇన్‌హేలర్ లాక్కుని మామగారి నోటికి పెట్టింది. ఒకసారి, రెండోసారి. మెట్ల మీద కూర్చోబెట్టి డ్రైవరు ఆక్సిజన్ పెట్టాడు. నెమ్మదిగా ఈల తగ్గింది. పెదవులకి రంగొచ్చింది.

పెద్దక్క అప్పటిదాకా ఆగి, అప్పుడు కోడలి వీపు మీద ఒక్కటి చరిచింది. చరిచి, కావలించుకుని బావురుమంది.

"ఐదు వేశానే! నువ్వు చచ్చిపోతున్నానంటే ఐదు వేశానే పిల్లా, బాగుందన్నానే!"

"నీ తప్పేముందక్కా. నేను చెప్పినట్టే చేశావు."

మామగారు ఆక్సిజన్ మాస్కు కాస్త పక్కకి జరిపాడు. ఏదో అంటున్నాడు. పెద్దక్క వంగి చెవి పెట్టింది, విని కళ్ళు తుడుచుకుంటూ నవ్వేసింది.

"తనకి ఎన్ని మార్కులని అడుగుతున్నారు. ఒకటండీ. ఐదుకి ఒకటి. సున్నా వెయ్యడానికి కంప్యూటరు ఒప్పుకోదు కాబట్టి ఒకటి. అంత చెత్త ఆడియో నా సర్వీసులో వినలేదు."

ఆయన చాలా గర్వంగా తలూపాడు. "నూకలున్నాయి నాకింకా," అన్నాడు. అందరూ నవ్వారు. కోడలూ నవ్వింది.

"అసలు ఆ ఊపిరి వినగానే నాకు ఒళ్ళు జలదరించిందండీ," అంది పెద్దక్క కొంగుతో మొహం తుడుచుకుంటూ. "నటించేది కాదది, ఎంత విన్నానో నాకు తెలుసు. ఇదివరకు రోజూ వచ్చేవి, మాట లేకుండా అలా ఊపిరి ఒకటే. విని ఎన్నాళ్ళైందో! ఇప్పుడు మూగ కాల్సే లేవుగా, మేడమ్ పుణ్యమా అని."

ఆవిడ మెచ్చుకోలుగానే అంది. డ్రైవరు కూడా అవునని తలూపాడు.

కోడలి నవ్వు అక్కడే ఆగిపోయింది. మామగారు నవ్వడం లేదు. ఆయన ఆమె వంకే చూస్తున్నాడు. ఆ దీపం ఆరిపోవడం చూసినవాళ్ళు వాళ్ళిద్దరే.

మూగ కాల్స్ తగ్గలేదు. వస్తూనే ఉన్నాయి. ఎవరో ఎక్కడో ఫోన్ దగ్గరికి పాకి, అంత దూరం పాకినందుకే మాట పడిపోయి, ఊపిరి మాత్రం వినిపించి ఉంటారు. పచ్చదీపం మిణుకుమని ఉంటుంది. ఎవరూ లేరని జల్లెడ తేల్చి ఉంటుంది. ఎంతమందో ఆమెకి తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు, ఖాళీ కాల్స్ దాచడం దండగని చెరిపేసే ఏర్పాటు చేసింది తనే. ఆమెకి ఆ చప్పట్లు గుర్తొచ్చాయి. బయటికి వచ్చాననుకుంది గానీ, ఆ గది తలుపు ఇంకా మూసే ఉన్నట్టుంది.

"వెళ్ళు," అన్నాడు మామగారు. "నాకేం ఫరవాలేదు. వెళ్ళు."

ఆమె మెట్లెక్కింది. హాల్లో తన బల్ల దగ్గరికి పోయి, ఎవర్నీ అడక్కుండా, అన్ని లైన్ల మీంచీ జల్లెడ తీసేసింది. ఒక్కసారిగా ఆపరేటర్లందరూ చెవులు పట్టుకుని లేచారు. హారన్లు, గాలి, కుక్కలు, టీవీలు, ఊళ్ళో ఉన్న గోలంతా హాల్లోకొచ్చి పడింది. సూపర్‌వైజరు గాజు గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. ఏం చేస్తున్నారు, ఎవరు చెయ్యమన్నారు, డైరెక్టరుగారికి ఏం చెప్పమంటారు అని కేకలేస్తున్నాడు.

"నేను చెబుతాను," అంది. "సాయంత్రం నేనే చెబుతాను. ఇప్పుడు మాత్రం దీని మీద చెయ్యి వేస్తే ఊరుకోను."

వెనకే పైకొచ్చి తన సీట్లో కూర్చున్న పెద్దక్క పక్కన, ఖాళీ కుర్చీలో కోడలు కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకుంది. వరసగా కాల్స్ వచ్చాయి. రోడ్డు ప్రమాదం ఒకటి. కాలు జారి పడిన పెద్దావిడ ఒకరు. గోల మధ్య మాట సరిగ్గా వినబడక, మళ్ళీ చెప్పండి, మళ్ళీ చెప్పండి అని అడుగుతూ ఆపరేటర్లు ఆమె వంక కొరకొరా చూస్తున్నారు.

చాలాసేపటికి ఆమె లైనుకి ఒక కాల్ వచ్చింది. వెనకాల ఎక్కడో నీళ్ళు కారుతున్నాయి. గడియారమేమో టిక్కుటిక్కుమంటోంది. మనిషి మాట లేదు. పెద్దక్క హాలంతటికీ చెయ్యెత్తి చూపించింది. అందరూ గొంతులు తగ్గించారు.

కోడలు మైకు దగ్గరికి లాక్కుంది. గొంతు వణికింది. సవరించుకోలేదు.

"నేను వింటున్నాను," అంది. "మాట్లాడలేకపోతే, ఒకసారి తట్టండి."

నీళ్ళు కారుతున్నాయి. గడియారం నడుస్తోంది. ఆమె ఇంకోసారి అదే మాట చెప్పింది.

అవతల ఎవరో తట్టారు.